సుబాబుల్ మోడులు పీకి ఇలిమా నాటాం

సెప్టెంబరు 20

ముందు స్థలం సంగతి. హవాయిలోని ఓఆహు దీవిలో పడమటి వైపు, ఎండ సూటిగా మొహం మీద కొట్టే చోట ఉంది మా కాలేజీ. నేను ఇక్కడ బయాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని, ఉద్యోగానికీ తోటపనికీ ఏ సంబంధమూ లేదు. రెండు పాత బిల్డింగుల మధ్య 18 మీటర్ల పొడవు, 11 మీటర్ల వెడల్పున ఒక ప్రాంగణం ఉంది. అందులో సగం ఎండిన గడ్డి, సగం కలుపు, మధ్యలో విరిగిన సిమెంటు బెంచీ. పొద్దున్నే స్ప్రింక్లర్లు తిరిగి గడ్డి కన్నా బెంచీనే ఎక్కువ తడుపుతాయి. ఆ గడ్డి తీసేసి ఈ దీవుల సొంత మొక్కలు పెడదామని విద్యార్థుల బృందం ఒకటి అర్జీ పెట్టుకుంటే మూడో ప్రయత్నంలో సరేనన్నారు. ప్రభుత్వ డబ్బుతో కట్టే చోట్ల వీలైనంతవరకు స్థానిక మొక్కలే వాడాలని ఇక్కడ చట్టమే ఉంది, అయినా మూడు అర్జీలు పట్టాయి. 2023 ఆగస్టులో పక్క దీవి మావుయిలో లహైనా ఊరు తగలబడ్డాక ఎండిన పరాయి గడ్డి అంటే అందరికీ భయం పట్టుకుంది, బహుశా అదీ కలిసొచ్చింది.

నన్ను ఎందుకు పిలిచారంటే, ఒకరోజు ఆ మూలనున్న పొదను చూసి "ఇది మా ఊళ్లో సుబాబుల్" అన్నాను. అంతే, నాకు మొక్కల గురించి తెలుసనుకున్నారు.

సెప్టెంబరు 28

ఆ సుబాబుల్ గురించి కాస్త చెప్పాలి. ఇక్కడ దాని పేరు హఓలే కోఆ, అంటే పరాయి కోఆ (కోఆ ఇక్కడి సొంత చెట్టు). పడమటి ఓఆహులో ఏ కొండవాలు చూసినా అదే. మన కృష్ణా, గుంటూరు, ప్రకాశం రైతులు కాగితం మిల్లుల కోసం ఎకరాలకు ఎకరాలు వేసే చెట్టు ఇక్కడ అందరూ తిట్టుకునే కలుపు. అసలు తమాషా ఏమిటంటే మన దేశానికి బాగా పెరిగే సుబాబుల్ రకం వచ్చిందే ఇక్కడినుంచి, హవాయి విశ్వవిద్యాలయంలో బ్రూబేకర్ అనే శాస్త్రవేత్త అభివృద్ధి చేసిన కె-8, దాని పేరే హవాయియన్ జెయింట్. అటు వెళ్లింది పంటైంది, ఇక్కడ మిగిలింది కంప అయింది.

ప్రాంగణంలో చిన్నా పెద్దా కలిపి 14 మోడులున్నాయి. ఎన్నిసార్లు నరికినా చిగురిస్తాయి. గ్రౌండ్స్ సిబ్బందిలో ఒక పెద్దాయన ఉన్నారు, అందరూ అంకుల్ అంటారు, నేనూ అంతే. (హవాయిలో వయసులో పెద్దవాళ్లను అంకుల్, ఆంటీ అనడం మన దగ్గర కన్నా ఎక్కువ. వచ్చిన మొదటి వారమే నాకు ఇది సొంతూరిలా అనిపించింది.) ఆయన చెప్పింది ఇది: పీకగలిగినవి వేరుతో సహా పీకాలి, పీకలేనివి నేలకు సమానంగా కోసి, కోసిన నిమిషాల్లోనే ఆ కోత మీద మందు పూయాలి, ఆలస్యమైతే చెట్టు ఆ మందును లోపలికి తీసుకోదు. మందు పూసే అనుమతి ఆయనకే ఉంది. మాకు పీకుడు మిగిలింది.

అక్టోబరు 5

గునపం. ఇక్కడ దాన్ని ఓఓ అంటారు, హార్డ్‌వేర్ షాపులో ఆ పేరుతోనే అడగాలి. ఒకప్పుడు గట్టి చెక్కతో చేసేవారట, ఇప్పుడు ఇనుముదే. చేతిలోకి తీసుకోగానే మా నాన్న కొబ్బరి గుంటలు తవ్వడం గుర్తొచ్చింది, బరువు కూడా సరిగ్గా అంతే. అంకుల్ నా చేతిలోంచి తీసుకుని, "కొట్టకు, వదులు. పని దాని బరువే చేస్తుంది" అన్నారు. నాన్న కూడా ఇదే మాట అనేవారు, కాకపోతే తిట్టు కలిపి.

నలుగురం రెండు శనివారాలు పనిచేస్తే 9 మోడులు వచ్చాయి. ఐదు అంకుల్‌కి వదిలేశాం. గింజలు మాత్రం మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి కాబట్టి ఇది ఇప్పట్లో అయిపోయే పని కాదు.

అక్టోబరు 12

నేల పరీక్ష. రెండు చోట్ల అడుగు లోతున గుంట తీసి నీళ్లు నింపాం. ఒకసారి ఇంకనిచ్చి మళ్లీ నింపి టైం చూశాం. తూర్పు వైపు గుంట గంటన్నరలో ఖాళీ. పడమటి వైపు గుంటలో నాలుగు గంటల తర్వాత కూడా అరచెయ్యంత నీళ్లున్నాయి. కింద ఏముందో చూద్దామని తవ్వితే పైన నాలుగు అంగుళాల మట్టి, దాని కింద బిల్డింగు కట్టినప్పుడు రోలర్ తొక్కించిన తెల్లటి పగడపు రాయి పొడి. కొంచెం వెనిగర్ పోస్తే బుసబుసమని పొంగింది. సున్నమే. ఇలాంటి నేలలో సముద్రపు ఒడ్డు మొక్కలు బాగానే ఉంటాయి, కొండ మొక్కలకు ఇనుము అందక ఆకులు పసుపెక్కుతాయి. నేను మనసు పడ్డ ఓహియా లెహువాకి అక్కడితో నీళ్లు వదిలేశాను. ఎర్రటి కుచ్చు పూలతో అది ఈ దీవుల్లోకెల్లా అందమైన చెట్టు, పైగా 2014లో కనిపెట్టిన ఒక శిలీంధ్రం దాన్ని పెద్ద దీవిలో వరసగా చంపుతోంది. ఇలాంటి చోట పెట్టి హింసించడం ఎందుకు.

పడమటి వైపు నేల తవ్వి బాగుచేసే బదులు మట్టీ, అగ్నిపర్వతపు ఎర్ర సిండర్ రాళ్లూ కలిపి అడుగున్నర ఎత్తు గట్లు వేద్దామనుకున్నాం.

అక్టోబరు 19

మొక్కల జాబితా మీద గొడవ.

హవాయి మొక్కలంటే ఏవి? టూరిస్టు పోస్టర్లో ఉండే దేవగన్నేరు, ఆర్కిడ్, అనాస, ఎర్ర మందారం, అన్నీ బయటినుంచి తెచ్చినవే. కొబ్బరి కూడా తెచ్చుకున్నదే, సుమారు వెయ్యేళ్ల కిందట పడవల్లో వచ్చిన పాలినేషియన్లు తమతో తెచ్చారు. చేమ, నోని, చివరికి పసుపు కూడా ఆ పడవల్లోదే. పసుపును ఓలెనా అంటారు. అమ్మకి ఫోన్లో చెబితే నమ్మలేదు. "కొబ్బరి చెట్టు వాళ్లది కాదా? మరి వాళ్లకి ఏముందే?" అంది.

వాళ్లకి ఉన్నది, ప్రపంచంలో ఇంకెక్కడా లేనిది. ఇక్కడి సహజ పూలమొక్కల్లో దాదాపు 90 శాతం ఈ దీవుల్లో తప్ప మరెక్కడా పెరగవు. మిగతావి గాలికో సముద్రానికో పక్షుల కాళ్లకో అంటుకుని తమంతట తాముగా వచ్చినవి, వాటిల్లో కొన్ని మన దగ్గరా ఉన్నాయి. మూడో రకం పడవ మొక్కలు. విద్యార్థులు మొదటి రెండు రకాలే కావాలన్నారు. హవాయి సంస్కృతి పాఠాలు చెప్పడానికి వచ్చే ఒక పెద్దావిడ (ఈవిడ ఆంటీ) మాత్రం పడవ మొక్కలు లేకుండా తోట ఏంటి, మా తాతలు తెచ్చినవి మావి కావా అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. చివరికి నీళ్ల పైపు కారే మూల చేమకు ఇచ్చాం.

ఆంటీ పెట్టిన ఇంకో షరతు నాకు బాగా నచ్చింది. ఏ మొక్క అయినా ఓఆహు విత్తనం నుంచే రావాలి. ఇలిమా అనే బంగారు రంగు పూల పొదే చూడండి, ఒక్కో దీవిలో ఒక్కోలా ఉంటుంది, ఒకటి నేల మీద పాకుతుంది, ఒకటి నడుం ఎత్తు లేస్తుంది. ఒకచోట కలిపి నాటితే తేనెటీగలు వాటి పుప్పొడి కూడా కలిపేస్తాయి.

నవంబరు 2

ఫైనల్ జాబితా, ఎక్కడ ఏది అన్నది.

మధ్యలో నీడకు కోఉ చెట్టు ఒకటి. నారింజ రంగు పూలు, మన నక్కెర చెట్టుకి చుట్టం. దీన్ని కూడా పడవల్లోదే అని చాన్నాళ్లు అనుకున్నారు, కవాయి దీవిలో మనుషులు రాకముందు పేరుకున్న బురద పొరల్లో దాని గింజలు దొరికాక ఆ మాట మార్చుకోవాల్సొచ్చింది. పడమటి గట్ల మీద ఇలిమా, మాఓ, ఆఅలిఈ, ఆకియా, అన్నీ పొదలే. అంచుల్లో పోహినహినా. ఉత్తరపు బిల్డింగు నీడలో ఇలిఎఎ. రాష్ట్ర పుష్పం పసుపు మందారం, మఓ హఉ హెలె, రెండే రెండు. అది అంతరించిపోతున్న జాతి కాబట్టి లైసెన్సున్న నర్సరీ నుంచే తేవాలి.

నర్సరీలో ఒక సంగతి జరిగింది. పోహినహినా ఆకు నలిపి వాసన చూశాను. వావిలాకు! బాలింతలకు నీళ్లలో వేసి కాచే ఆ వాసనే, కాస్త తేలిక. తర్వాత చూస్తే నిజంగానే రెండూ ఒకే కుటుంబం, పేరులో మొదటి సగం ఒకటే. ఇలిఎఎ అయితే చుట్టరికం కూడా కాదు, అచ్చంగా మన చిత్రమూలమే. అదే తెల్ల పూలు, అదే జిగురు, సాక్సులకు అంటుకుని ఇంటిదాకా వచ్చే అవే కాయలు. అమ్మకి వీడియో కాల్లో చూపిస్తే, "వేరు ముట్టుకోకే, బొబ్బలెక్కుతుంది" అంది. ఆంటీకి ఆ మాట చెప్పాను. ఆవిడ నవ్వి, పచ్చబొట్టు నల్లగా పట్టడానికి పూర్వం ఈ రసమే వాడేవారని చెప్పారు. ఆఅలిఈ ఫోటో పెడితే కడప స్నేహితురాలు, "ఇది మా కొండల్లో బందారు కదా, దీనికి డబ్బులిచ్చి కొన్నావా" అని అడిగింది. కొన్నాను.

నవంబరు 9

మొక్కలు దింపే ముందు చీమల పరీక్ష. ఇక్కడ చిన్న అగ్గిచీమ అని ఒకటి తిరుగుతోంది, మిల్లీమీటరున్నర కూడా ఉండదు, కుడితే నిప్పే. నర్సరీ కుండీలతోనే ఊళ్లు మారుతుంది. పరీక్ష చాలా సింపుల్, చాప్‌స్టిక్ చివర పల్చగా వేరుశనగ వెన్న రాసి ఒక్కో కుండీలో ఒకటి గుచ్చి గంట ఆగాలి, తర్వాత పుల్లలన్నీ జిప్ కవర్లో వేసి ఫ్రీజర్లో పెట్టి, చచ్చాక భూతద్దంతో చూడాలి. 86 కుండీలు, 86 పుల్లలు. మా ల్యాబ్ ఫ్రీజర్లో ఆ కవర్ చూసి మా బాస్ ఏమీ అనలేదు కానీ ఆ చూపు నాకర్థమైంది. అగ్గిచీమ లేదు. మామూలు చీమలు నాలుగు రకాలున్నాయి.

నవంబరు 16

నాటాం. వానలు మొదలయ్యే కాలం, హోఓఇలో అంటారు, ఇక్కడ నాటడానికి ఇదే అదను. 20 మంది వచ్చారు. మొదలుపెట్టే ముందు ఆంటీ గొంతెత్తి ఒక ఓలి పాడారు, లోపలికి రానివ్వమని ఆ నేలను అడగడం. ఫోన్లు తీసినవాళ్లు కూడా దించేశారు.

నేను చేసిన మొదటి తప్పు కూడా ఈ రోజుదే. ప్రతి మొక్క చుట్టూ శుభ్రంగా పళ్లెం లాంటి పాదు చేశాను, మా ఇంటి దగ్గర ఎలా చేస్తామో అలా, నీళ్లు నిలిచేలా. అంకుల్ వెనకే వచ్చి, కొబ్బరికీ అరటికీ తప్పితే ఇక్కడ ఇది వద్దు, మొదలు దగ్గర నీళ్లు నిలిస్తే కుళ్లుతుంది, మొక్క చుట్టుపక్కల కన్నా వేలెడెత్తున కూర్చోవాలి అని ఒక్కొక్కటి సరిచేసుకుంటూ వెళ్లారు. కాలువ గట్టున పుట్టినదానికి పాదు వద్దంటే ఏదో మొక్కకు అన్నం పెట్టకుండా పంపినట్టుంది.

డ్రిప్ పెట్టాం, గంటకు నాలుగు లీటర్ల ఎమిటర్లు, మొక్కకు ఒకటి, చెట్టుకు నాలుగు. మొదటి రెండు వారాలు రోజూ, తర్వాత రోజు విడిచి రోజు, మార్చి నెల నుంచి వారానికోసారి, ఏడాది నిండాక పూర్తిగా బంద్. కాగితం మీద తేలిగ్గానే ఉంది.

నవంబరు 30

కోళ్లు.

హోనొలులులో అడవి కోళ్లు రోడ్ల మీద తిరుగుతాయని అందరికీ తెలుసు, కానీ మల్చింగ్ చేసిన (నేల మీద చెక్కపొట్టు పరిచిన) కొత్త తోట వాటికి పెళ్లి భోజనంలాంటిదని మాకు తట్టలేదు. ఒక పెట్ట, ఏడు పిల్లలు. ఒక్క ఉదయంలో ఆరు ఇలిమా మొక్కల వేళ్లు బయటపెట్టేశాయి. అరిస్తే నాలుగడుగులు పక్కకెళ్లి మళ్లీ మొదలు. చివరికి పనిచేసిన ఉపాయం: కోళ్ల మెష్‌ని నిలబెట్టకుండా మొక్క చుట్టూ నేల మీద పడుకోబెట్టి, పైన గుప్పెడు సిండర్ చల్లడం. కాలిగోళ్లు తగులుకుంటాయి కాబట్టి అక్కడ గోకవు. ఆరింట్లో నాలుగు తేరుకున్నాయి.

కోళ్లు చెదరగొట్టిన మట్టిలో పురుగులేరుకోవడానికి గోరింకలు. వీటిని ఇక్కడికి తెచ్చింది మన దేశం నుంచే, పచ్చిక తినే పురుగుల్ని తింటాయని 1865లో హిల్లెబ్రాండ్ అనే డాక్టరు తెప్పించాడు. మా పెరటి గొంతే, పొద్దున్నే గొడవ పడుతుంటే కళ్లు మూసుకుంటే అమలాపురం.

డిసెంబరు 14

మల్చ్ కుప్పలో తెల్లగా, వేలంత లావున, సున్నాలా ముడుచుకుని ఒక లద్దె పురుగు. చూడగానే కడుపులో దేవినట్టయింది.

ఎందుకంటే ఓఆహులో 2013 నుంచి కొమ్ము పురుగు ఉంది. మన కోనసీమ రైతుకి దాని సంగతి చెప్పక్కర్లేదు. కొబ్బరి మొవ్వులో దూరి తింటే ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కోసిన కాగితం విసనకర్రలా కనబడుతుంది. ఇక్కడ కొబ్బరితో ఆగదు, ఈ దీవుల సొంత తాటి చెట్టు లోఉలుని కూడా తింటుంది. గుడ్లు పెట్టేది కుళ్లే చెక్కపొట్టులో, అంటే మేము ఉచితంగా దొరికిందని తెచ్చి పోసుకున్న సరిగ్గా ఇలాంటి కుప్పలో.

నాన్నకి ఫోన్ చేశాను, అక్కడ తెల్లారుజాము. "ఎంత ఉందమ్మా? బొటనవేలంతా? తల గోధుమరంగా? చంపెయ్" అన్నారు, అదీ ఆయన పరీక్ష. అంకుల్ పరీక్ష వేరు. పురుగుని తీసి సిమెంటు బెంచీ మీద పెట్టి, "ఆగు, చూడు" అన్నారు. అందరం వంగి చూస్తున్నాం. పురుగు కాసేపు కదల్లేదు, తర్వాత మెల్లగా వెల్లకిలా తిరిగింది. కాళ్లు పైకి, వీపు కిందికి. ఆ వీపు కండరాలతోనే అలలు అలలుగా జరుగుతూ, రైలు పెట్టె తిరగబడి కూడా నడుస్తున్నట్టు, బెంచీ చివరిదాకా వెళ్లిపోయింది. వీపు మీద నడిచేది పువ్వు పురుగు జాతి, పక్కకి ఒరిగి ముడుచుకునే ఉండేది కొమ్ము పురుగు. ఊపిరి పీల్చుకున్నాం. అయినా ఆ కుప్పని ఉంచలేదు, మొత్తం పల్చగా, రెండంగుళాలకు మించకుండా పరిచేశాం. నాన్నకి వీడియో పంపితే, "మేం పురుగుని నడిపించి చూసేంత టైం ఎప్పుడూ ఇవ్వలేదు" అన్నారు.

జనవరి 18

కోనా గాలివాన, అంటే చలికాలంలో నైరుతి వైపునుంచి వచ్చేది, రెండు రోజులు. పశ్చిమపు గట్టొకటి కొంత జారింది. ఆఅలిఈకి ఊతకర్ర పెట్టాలా అని అడిగితే ఆంటీ ఒక సామెత చెప్పారు, నేను గాలికి ఎదురునిలిచే ఆఅలిఈని, నన్ను పడగొట్టే గాలి లేదు అని దాని అర్థం. సామెత మీద నమ్మకంతో కర్ర పెట్టలేదు. నాలుగు నిలబడ్డాయి, ఒకటి ఒరిగింది.

ఫిబ్రవరి 8

నాకు ఇంతకన్నా కోపం వచ్చిన రోజు లేదు. కొత్తగా చేరిన ఒక కాంట్రాక్టు కుర్రాడు గడ్డి కోసే మెషిన్ తాడుతో కోఉ చెట్టు మొదలు చుట్టూ బెరడు గీరేశాడు. చుట్టూ అంటే మూడొంతులు. పూర్తి వలయం తెగితే చెట్టు పోయినట్టే, ఒక రెండు వేళ్ల వెడల్పు బెరడు మిగిలింది, దాని మీదే ఆశ. అతను పాపం నిలబడి సారీ చెబుతూనే ఉన్నాడు. తప్పు మాది కూడా, మొదలు చుట్టూ గడ్డి పెరగనిచ్చాం కాబట్టే మెషిన్ అంత దగ్గరికి వెళ్లింది. మర్నాడు మీటరు వ్యాసం సిండర్ వలయం వేసి, మొదలుకి పాత పైపు ముక్క చీల్చి తొడిగాం.

మార్చి 15

తుంగ. మన తుంగే. అట్టపెట్టెలు పరిచి పైన మల్చ్ వేస్తే కలుపు చస్తుందని చెప్పేవాళ్లు తుంగను చూసి ఉండరు, సూదిలా అట్టని పొడుచుకుని వచ్చింది. పైన పీకితే కింద గడ్డ మిగులుతుంది, గడ్డకి గొలుసుగా ఇంకో గడ్డ. బొరిగెతో ఒక అడుగు చదరం తవ్వి లెక్కపెట్టాను, 37 గడ్డలు. ఇద్దరు విద్యార్థులకు గడ్డ వాసన చూపించి, మా దగ్గర దీన్ని ఒంటికి రాసే సున్నిపిండిలో కలుపుతారు అని చెప్పాను. అయితే మీరే తీసుకెళ్లండి అన్నారు.

ఇదే వారం మాఓ పూసింది, దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. మాఓ అంటే హవాయి పత్తి. వెండి పూత పూసినట్టుండే ఆకులు, నిమ్మపసుపు పువ్వు, కాయ పగిలితే లోపల గోధుమరంగు దూది, వడకడానికి పనికిరానంత పొట్టి. చూడటానికి ఏ వ్యవసాయ విలువా లేని అడవి పొద. కానీ మామూలు పత్తి ఆకు కింద ఈనె మీద చిన్న తేనె గ్రంథి ఉంటుంది, పురుగులకు అదొక పిలుపు. మాఓకి ఆ గ్రంథి లేదు. ఆ లక్షణాన్ని ప్రజనన శాస్త్రవేత్తలు దీన్నుంచే సాగు పత్తిలోకి తీసుకెళ్లారు. పురుగుమందు డబ్బా అప్పు తీర్చలేక ఏమేం జరిగాయో చూసిన వరంగల్, గుంటూరు, ఆదిలాబాద్ మనుషులకు ఈ పొద ముందు కాసేపు నిలబడాలనిపిస్తుంది. నేను ఆకు తిప్పి భూతద్దంతో వెతికాను. నిజంగానే లేదు, నున్నగా ఉంది.

గింజలు దాచాం. మొలవాలంటే నెయిల్ కట్టర్‌తో పైపొర కొంచెం గిల్లి ఒక రాత్రి నీళ్లలో నానబెట్టాలి. 20 వేస్తే 13 వచ్చాయి.

ఏప్రిల్ 19

పసుపు మందారం ఆకులు రాత్రికి రాత్రి జల్లెడ. పగలు వెతికితే ఏమీ కనబడదు. రాత్రి ఏడున్నరకి టార్చితో వెళితే గోధుమరంగు చిన్న పెంకు పురుగులు, చైనా రోజ్ బీటిల్స్ అంటారు, వరసగా బంతి భోజనం. మందు కొట్టకుండా ఒక చిట్కా ఉంది: వాటికి వెలుతురు గిట్టదు, పొద్దుగుంకినప్పటినుంచి ఆ మొక్క మీద లైటు వేసి ఉంచితే రావు. ఒక సోలార్ దీపం గుచ్చాం. కొత్త ఆకులు బాగానే వస్తున్నాయి. అంతరించిపోతున్న మొక్కకి బెడ్ ల్యాంప్.

జూన్ 7

ఈ ఎంట్రీ రాయబుద్ధి కావట్లేదు, అయినా రాస్తున్నా.

ఆకియా ఐదింట్లో మూడు చచ్చాయి, మాఓ ఒకటి. డ్రిప్ వారానికోసారే నడుస్తోంది, వాల్వ్ సరిగ్గానే ఉంది, లీకు లేదు. విద్యార్థులు రెండు రోజులు పైపులు వెతికారు. ఏం జరిగిందో నాకు తెలుసు, చెప్పడానికి రెండు రోజులు పట్టింది. మే నెలలో ఎండలు ముదిరి ఆకులు కాస్త వాడినట్టు కనబడితే సాయంత్రం ఇంటికెళ్తూ నేనే హోస్ పెట్టి నీళ్లు కొట్టాను. ఒకసారి కాదు. దాదాపు రోజూ, నాలుగు వారాలు. మధ్యాహ్నం ఎండలో ఆకు వాల్చడం ఆ మొక్క నీటిని కాపాడుకునే తీరు, సాయంత్రానికి అదే లేస్తుంది, నేను అది లేచే లోపే వెళ్లి పోశాను. చచ్చిన ఆకియాని పీకితే వేళ్ల పైపొర తొడుగులా ఊడి చేతికొచ్చింది, మురిగిన కాలువ వాసన.

మీటింగులో చెప్పేశాను. ఎవరూ ఏమీ అనలేదు. అంకుల్ మాత్రం హోస్ బిగించే పంపు పిడి విప్పి తన తాళాల గుత్తికి తగిలించుకున్నారు. అమ్మకి చెబితే, "ఎండలో మొక్కకి నీళ్లు పోస్తే తప్పేంటే, పాపం" అంది. అదీ నా పెంపకం.

ఆగస్టు 16

నెల మీద పది రోజులుగా వాన చుక్క లేదు. పోహినహినా ఎప్పటిలాగే ఉంది, అసలు పట్టించుకోలేదు. ఆఅలిఈకి ఎర్రటి కాగితం లాంటి కాయలు. మిగిలిన రెండు ఆకియాలు చిగురు పెడుతున్నాయి, నేను వాటికి పది అడుగుల దూరం నుంచే హలో చెబుతున్నాను. చేమ మూల ఒక్కటే పచ్చగా బురదగా ఉంది, ఎప్పుడైనా చేతులు ఊరుకోకపోతే వెళ్లి అక్కడ కూర్చుంటాను, దానికి ఎన్ని పోసినా తప్పు లేదు. చేమాకు పొట్లాల పులుసు గురించి ఆంటీకి చెప్పాను, ఆకు బాగా ఉడకకపోతే గొంతు దురద అనే విషయంలో మా ఇద్దరికీ పూర్తి ఏకాభిప్రాయం.

పేరు పలకలు వచ్చాయి, వెనక్కి పంపాం. హవాయి భాషలో ఓకినా అని ఒక అక్షరం ఉంది, గొంతు క్షణం బిగబట్టే శబ్దం, అంకె ఆరులా వంగిన చిన్న గుర్తుతో రాస్తారు. ముద్రించినవాళ్లు దాన్ని కొన్నిచోట్ల తిరగేసి, కొన్నిచోట్ల తీసేశారు. ఇది చిన్న విషయం అనుకునేవాళ్లు మన భాషలో దీర్ఘం తీసేస్తే పాలు పలు అవుతాయని ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి. తెలుగులో ఈ పేర్లు రాస్తుంటే నాకూ ఇబ్బందే, ఆ బిగబట్టడానికి మన దగ్గర అక్షరం లేదు, అందుకే అచ్చుల్ని విడివిడిగా పెడుతున్నాను.

అక్టోబరు 4

కోఉ బతికింది. గీరిన చోట బెరడు రెండు వైపులనుంచీ పెదవుల్లా దగ్గరకొస్తోంది, ఇంకా మధ్యలో వేలు పట్టేంత సందు ఉంది. తొమ్మిది పూలు పూసింది.

ఇలిమా ఒక్కో ఉదయం 40 దాకా పూస్తోంది. బంగారు రంగు, ఉల్లిపొర కన్నా పల్చన, పొద్దున విచ్చుకుని సాయంత్రానికి వాడిపోతుంది. ఒక్క వరస దండకి ఐదొందల నుంచి వెయ్యి పూలు కావాలి, దారానికి అడ్డంగా కాదు, కాడ నుంచి మధ్యలోకి సూది దింపి ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోవాలి. మల్లెలు కట్టిన చేతులు కదా అని ధైర్యంగా కూర్చున్నాను. మొదటి పది పూలు నా వేళ్ల వేడికే ముద్దయిపోయాయి. ఆంటీ గుచ్చుతుంటే రేకు కదల్లేదు. మా తోట పూలు జానెడు పొడవు కూడా రాలేదు, ఆవిడ దాన్నే ముడేసి కోఉ కొమ్మకి తగిలించారు.

నవంబరు 15

ఏడాది నిండింది. 86లో 71 ఉన్నాయి. పొద్దున ఎనిమిదింటికి డ్రిప్ వాల్వ్ మూసేసే పని నాకే అప్పజెప్పారు, కావాలనే అనుకుంటా. పావు తిప్పితే చాలు, మూసుకుంటుంది. తిప్పాను. చేమ మూలకెళ్లే లైను మాత్రం వేరే, అది ఉంచాం.

తర్వాత గట్టు పక్కన వంగి చూస్తే వేలెడు వేలెడు సుబాబుల్ మొలకలు, మోడులు పీకిన సరిగ్గా ఆ చోటే. పదకొండు పీకాను. పన్నెండోది విరిగి వేరు లోపలే ఉండిపోయింది, దాని పక్కన ఒక చాప్‌స్టిక్ గుచ్చి వచ్చాను, వచ్చే శనివారం గునపంతో చూడాలి.